అరచేతి వేడి

డ్రమ్ములో బూడిదరంగు పొడిని చెక్కతో చదును చేస్తూనే అతను మరోసారి చొక్కా జేబు తడుముకున్నాడు. ఫోను మోగలేదు.

ఆ పొడి చంద్రుడి నేలను పోలినది. అందులోకి పొడవాటి కడ్డీ ఒకటి దింపుతారు. చంద్రుడి కడుపులోంచి పైకి ఎంత వేడి వస్తోందో రేపు అక్కడ ఆ కడ్డీయే చెప్పాలి. ఇవాళ ఆఖరి పరీక్ష. సాయంత్రానికి కడ్డీ పెట్టెలోకెక్కి వెళ్ళిపోతుంది. పొడి నింపడం, కడ్డీ దించడం, తీయడం ఇన్నేళ్ళుగా అతని పనే. అందరికీ అతను దుమ్ము బాబాయ్.

ఇంట్లో అక్క మంచం పట్టింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఇక ఎక్కువ రోజులు లేవన్నాడు డాక్టరు. పొద్దున వేడినీళ్ళ బ్యాగుకు తువాలు చుట్టి పాదాల దగ్గర పెడుతుంటే అక్క నవ్వింది.

“చందమామకి జ్వరం చూస్తే నీకు జీతమిస్తారు. నా కాళ్ళు పడితే ఎవరిస్తార్రా? పో, దాని సంగతి చూడు.”

ఏదైనా అయితే పక్కింటావిడ ఫోన్ చేస్తానంది.

ఫోను అదిరినట్టనిపించి గ్లౌజు తీసి చూశాడు. ఏమీ లేదు. ఇంతలో పొడిలోకి సగం దించిన కడ్డీ కాస్త ఒరిగింది. గబుక్కున పట్టుకుని సరిచేసి లోపలికి దించేశాడు. డ్రమ్ము మూత బిగించి, చంద్రుడి మీదలాగే లోపల గాలి లేకుండా తీసేశాక, స్టూలు మీద గ్లౌజు కనిపించింది.

“అమ్మాయ్, వట్టి చేత్తో పట్టుకున్నాను” అన్నాడు ఇంజనీరుతో.

ఆమె తెర మీద కడ్డీ వేడిని చూపే గీత చూపించింది. మధ్యలో చిన్న బుడిపె. “ఇదిగో, మీ చెయ్యే బాబాయ్! చందమామకి షేక్‌హ్యాండ్ ఇచ్చేశారు. కంగారు పడకండి, తగ్గుతుంది. కానీ ఈ పొడి వేడిని ఓ పట్టాన వదలదు. అది వదిలేదాకా కూర్చోవాల్సిందే.”

అక్క సంగతి చెబితే పంపించేస్తుంది. అప్పుడు కడ్డీ ఎవరు తీస్తారు? పైగా ఫోను రాలేదంటే బాగానే ఉన్నట్టు కదా. ఎవరి ఫోను మోగినా అతను ఉలిక్కిపడ్డాడు. బుడిపె దిగుతుంటే సంతోషించాలి. కానీ ఒక వేడి కొంచెం కొంచెంగా పోతూ ఉంటే చూస్తూ కూర్చోవడం అతనివల్ల కాలేదు. గోడవైపు తిరిగాడు.

పొద్దు వాలుతుండగా గీత చదునైంది. రెండు చేతులకూ గ్లౌజులు తొడుక్కుని కడ్డీ తీసి, పెట్టెలో పడుకోబెట్టాడు. లారీ కదిలింది.

“టీ తాగి వెళ్ళండి బాబాయ్!” అని ఆ అమ్మాయి వెనకనుంచి కేకేసింది. అతను ఆగలేదు.

తలుపు దగ్గరే పక్కింటావిడ వేలు పెదవుల మీద పెట్టింది.

“మెల్లగా అన్నయ్యగారూ. మధ్యాహ్నం నుంచీ ఒకటే నిద్ర. కాళ్ళు చల్లగా తగిలితే ఇందాకే బ్యాగులో నీళ్ళు మార్చాను. అక్కయ్యగారి కాళ్ళెప్పుడూ అంతేగా, మిమ్మల్ని కంగారు పెట్టడమెందుకని ఫోన్ చెయ్యలేదు.”

అతను దుప్పటి కింద చెయ్యి పెట్టాడు. పాదాలు. పిక్కలు. మోకాళ్ళు. తర్వాత అరచేతులు, నుదురు. ఎక్కడా వేడి లేదు. అతని మొహం చూసి పక్కింటావిడ గోడకు చేరగిలబడిపోయింది.

మంచం చివర, వెలిసిపోయిన తువాలు చుట్టిన రబ్బరు బ్యాగు ఇంకా వెచ్చగానే ఉంది.