చొప్ప లేని ట్యాంకు

హామిల్టన్ శివార్లలోని ఆ బయోగ్యాస్ ప్లాంటులో గ్యాసు మంట ఆదివారమే ఆరిపోయింది. ధరణి పొద్దుటి నుంచీ ట్యాంకు కింద నిలబడి, చెడిపోయిన ద్రవాన్ని బయటికి తోడిస్తోంది. మాస్కు పెట్టుకున్నా అమ్మోనియా ఘాటుకి కళ్ళు మండుతున్నాయి.

తొట్లలో పెంచిన నాచునీ, రైతుల దగ్గర కొన్న మొక్కజొన్న చొప్పనీ కలిపి ఆ ట్యాంకులో కుళ్ళబెడితే గ్యాసు వస్తుంది. ఉత్త నాచే వేస్తే అమ్మోనియా పెరిగి, గ్యాసును పుట్టించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఆ సంగతి ఆపరేటరు ధరణికి తెలుసు. మేనేజరు విశ్వేశ్వరరావుకీ తెలుసు. అయినా లారీల ఖర్చు తగ్గించి పైవాళ్ళ దగ్గర మెప్పు కొట్టేద్దామని ఆయనే చొప్ప ఆపించాడు. ఆమె వద్దంటే, "నేనున్నాగా, నువ్వు ఉత్త నాచే వెయ్యమ్మా" అన్నాడు.

ఇంకెవరైనా అయితే ఆ మాట ఈమెయిల్లో పెట్టమనేదే. ఈయన్నెలా అడుగుతుంది? ఈ దేశానికొచ్చిన కొత్తలో వాళ్ళింట్లోనే ఉంది, ఆయన భార్య సుధామయి ఆంటీ చేతి అన్నం తింది. అంకుల్‌ని రాసిమ్మని అడిగితే పెద్దవాళ్ళని అనుమానించినట్టే కదా అనుకుంది. మర్యాద పేరు చెప్పి మనవాళ్ళు మనవాళ్ళ నోళ్ళు ఎంత సులువుగా కట్టేస్తారో!

మధ్యాహ్నం మీటింగుకి పిలిచారు. కంపెనీ యజమానులైన తెల్లవాళ్ళు ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. చొప్ప వెయ్యడం ఆపరేటరు మరిచిపోయిందని విశ్వేశ్వరరావు ఇంగ్లీషులో నింపాదిగా చెప్పాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

ఆయన ఆమెవైపు తిరిగి, ఓదారుస్తున్నట్టు ముఖం పెట్టి తెలుగులోకి దిగాడు.

"ఒప్పుకోమ్మా, వార్నింగ్‌తో పోతుంది. నీ పీఆర్‌కి లెటర్ ఇవ్వాల్సింది నేనే కదా. మిగతాది ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

భాష తెలియని ఆ ముగ్గురూ ఆయన మంచితనానికి తలలూపారు. ఆ లెటర్ లేకపోతే ఆమె ఇక్కడ శాశ్వత నివాసానికి అప్లై చెయ్యడం కుదరదు. చలికాలం దాటితే వర్క్ పర్మిట్ కూడా ఉండదు. తలూపితే చాలు, అన్నీ ఉంటాయి. కానీ చెయ్యని తప్పు జీవితాంతం ఆమె పేరు మీదే ఉంటుంది.

ధరణికి ఏడుపొచ్చింది. కన్నీళ్ళు తుడుచుకోలేదు. యజమానుల వైపు తిరిగి, చొప్ప ఆపమన్నది ఈయనేనని, ఇప్పుడు తనతో తెలుగులో అన్నదేమిటో కూడా చెబుతానని, వాళ్ళకి అర్థమయ్యే ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"ధరణీ, ఇదేంటమ్మా..." ఆయన గబగబా తెలుగులో అడ్డం వచ్చాడు.

"ఇంగ్లీష్ ప్లీజ్, మిస్టర్ రావ్" అంది ధరణి.