ఉతికిన ప్లాను

బానలోంచి తీసిన గుడ్డ మూలన ఉత్తర దిక్కు చూపే ఎర్ర బాణం గుర్తు ఇంకా లీలగా ఉంది. అది చూడగానే రాజ్యం పిండడం ఆపేసింది.

మద్రాసులో ఇంజినీరింగు చదివే భర్త వరదానం, ప్లాన్లు గీసే ట్రేసింగు గుడ్డల్లో గీత చెడినవన్నీ ఆమెకే ఇచ్చేవాడు. వేడినీళ్లలో నానబెడితే గంజీ సిరా వదిలి మెత్తటి తెల్లగుడ్డ మిగిలేది. చంటాడి చొక్కాలన్నీ అవే. పెట్టె మీదున్న గుడ్డచుట్ట కూడా అలాంటిదే అనుకుంది. కాదు, ఎర్ర బాణం పూర్తయిన ప్లానుకే వేస్తాడు. సెలవులన్నీ కొల్లేటి గట్లమ్మట తిరిగి అతను గీసిన ప్లాను అది: తమ లంకలో మునగని ఇళ్లు, అక్కణ్ణుంచి ఏలూరుకి రోడ్డు. సోమవారం కాలేజీలో ఇవ్వకపోతే పరీక్షకి రానివ్వరు. సాయంత్రమే పడవ.

“పిండుతున్నావా, ప్రార్థన చేస్తున్నావా?” అంది అత్తగారు సూరమ్మ.

రాజ్యం తడిగుడ్డతోనే లోపలికెళ్లింది. “ఏవండీ, పాడుపని చేశానండీ.”

వరదానం చూశాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. అతను ప్లానుకి మూలమైన పెన్సిలు గీతల కాగితం పరిచి, పైన కొత్త గుడ్డ బిగించి, కొలతల పుస్తకం ఆమె ఒళ్లో పడేశాడు.

“గీతలు నేను దిద్దుతా. గుమ్మాల ఎత్తుల అంకెలు నువ్వు చదువు.”

“నన్ను నాలుగో తరగతిలోనే మాన్పించేశారండీ.”

“అంకెలేగా!”

ఒక్కో అంకె రెండేసిసార్లు చదివింది. అతని రాతలో ఒకటీ ఏడూ ఒక్కలాగే ఉన్నాయి.

“పాపమ్మత్త గుమ్మం, పదకొండు పాయింటు... ఏడాండీ, ఒకటా?”

“ఏడు. త్వరగా కానీ.”

“మన గుమ్మం పదకొండున్నర వేశారు. మొన్నటి వరదకి ఆవిడింట్లో మోకాల్లోతు నీళ్లు, మనకి రాలేదు. ఆవిడది మనకంటే ఎత్తెలా అవుద్దండీ?”

వరదానం కలం ఆపాడు. “ఒకటే,” అన్నాడు మెల్లగా. “అలాగే రెండుసార్లు చదువు.”

రేవులోంచి పడవ నడిపే జగ్గారావు కేకేశాడు. “అయ్యగారూ, గాలి తిరుగుతోందండీ!”

మిగిలిన ఆఖరి పేజీ గబగబా అయింది. సిరా ఆరకపోవడంతో, వరదానం గుడ్డని రెండు చేతులా పరిచి పట్టుకునే పడవెక్కాడు. “ఉత్తరం రాస్తాలే. ఈలోగా నా పంచెలు మాత్రం ఉతక్కు!” అని నవ్వాడు.

రాజ్యం కూడా నవ్వింది. పడవ రెల్లు మలుపు తిరిగాక చంటాణ్ణి భుజానికెత్తుకోబోయి ఆగిపోయింది.

ఆఖరి పేజీ ఒక్కసారే చదివింది, ఒకటో ఏడో అడక్కుండా.