బూడిద రంగు ఫెర్గూసన్

సైమన్ నా ట్రాక్టర్‌ను పాడుచేశాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మంచి మనసుతో చేశాడని చర్చిలో సగం మంది అంటారు. మంచి మనసు ఉన్నవాడు ముందు అడుగుతాడు.

అది 1957లో కవెంట్రీలో తయారైన ఫెర్గూసన్ 35. ఆ తొలి బండ్లకు బానెట్టు, మడ్‌గార్డులు బూడిద రంగు. ఇంజను, గేర్‌బాక్సు రాగి రంగు. ఎర్రవి తర్వాత వచ్చాయి. ఎవరి ముచ్చటను బట్టీ ఇది మారదు.

బాపట్ల దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. మిగతా చదువంతా ట్రాక్టర్ల కింద పడుకుని చదివాను. నా భార్య మణెమ్మ నర్సు ఉద్యోగం మీద ఇంగ్లండులోని ఈ నార్తాంప్టన్ వచ్చింది. ఆమె వెనక నేను వచ్చి, గోడౌన్లో ఇరవై ఏళ్ళు పెట్టెలు మోశాను. రిటైరయ్యాక ఊరి బయట ఒక రైతు దగ్గర ఈ బండి దొరికింది. అతని షెడ్డులోనే ఒక మూల తీసుకుని పని మొదలుపెట్టాను.

పాత బండి అసలు రంగు ఏదో తెలియనివాళ్ళు ఇంటర్నెట్లో చూస్తారు. నేనూ చూశాను. ఒకే పేరుతో ముగ్గురు అమ్ముతున్న బూడిద రంగు డబ్బాలు మూడు తెప్పించాను. ఒకటి సిమెంటులా ఉంది, ఒకటి నీలానికి తిరిగింది, ఒకటి పసుపుకు తిరిగింది. ముగ్గురూ తమదే అసలుదని రాసుకున్నారు. పని తెలిసినవాడు ఎండ తగలని చోటు వెతుకుతాడు. మా బండికి అది బ్యాటరీ తట్ట కింద దొరికింది. అరచెయ్యంత పాత రంగు. పైన చచ్చిపోయిన పొరను పాలిష్ పేస్టుతో, బొటనవేలితో, మెల్లగా రుద్ది తీయాలి. ఎక్కువ రుద్దితే రంగే పోతుంది. తర్వాత ఒక చుక్క నూనె రాసి మబ్బు పట్టిన పగటి వెలుగులో చూడాలి. ట్యూబులైటు కింద చూసినవాడు చూడనట్టే లెక్క.

ఆ అరచెయ్యంత రంగు రుద్దింది మణెమ్మ. అప్పటికి ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు. కోటు వేసుకుని షెడ్డులో కుర్చీలో కూర్చునేది. నర్సు చేతులు కదా, ఎక్కడ ఆపాలో వాటికి తెలుసు. ఒకసారి, "ఎర్రగా ఉంటే బాగుండదా?" అంది. నవ్వాను. నీకు సూదులు తెలుసు గాని బండ్లు తెలియవన్నాను. ఆమె మళ్ళీ ఎత్తలేదు. బండిని అసలు రంగులో నిలబెట్టి చూపిస్తానని మాటిచ్చాను. నిలబెట్టకముందే పోయింది. అప్పట్నుంచి నాకున్న పని అదొక్కటే. ఆమె కోసం చేస్తున్నానని అడిగినవాళ్ళందరికీ చెప్పాను.

ఆగస్టులో నా కుడి కంటి శుక్లానికి ఆపరేషన్ చేశారు. నాలుగు వారాలు దుమ్ములోకి వెళ్ళవద్దన్నారు. షెడ్డు తాళం తన దగ్గర ఉంచమని సైమన్ అడిగాడు. సైమన్ మా తెలుగు చర్చిలో పెద్ద. ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో ఎవరికి ఏ పూట డ్యూటీయో రోటా రాయడం అతని ఉద్యోగం. రోటా రాసీ రాసీ, లోకంలో ప్రతి పనీ నలుగురికి పంచితే అయిపోతుందనుకుంటాడు. ఇచ్చాను. తప్పు నాది కూడా అని ఎవరైనా అంటే, అది ఒక్కటే నా తప్పు.

సెప్టెంబరులో చర్చికి కోతల పండుగ. ఇక్కడ ఎవరికీ పొలం లేదు. పెరట్లో కాసిన నాలుగు సొరకాయలు, కొట్లో కొన్న బియ్యం బస్తాలు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆ ఏడు వాటిని ట్రాక్టర్ మీద పెట్టి తేవాలని సైమన్‌కు బుద్ధి పుట్టింది. నేను చర్చికి వెళ్ళేసరికి కార్ పార్కులో నా బండి ఉంది. ఎర్రగా.

గేట్లకు వేసే రంగు. బ్రష్షుతో వేశారు. దుమ్ము మీద వేశారు, గ్రీజు మీద వేశారు. రబ్బరు పైపుకు వేశారు. బండి నంబరున్న రేకుకు కూడా వేశారు. గుడ్డివాళ్ళకు బ్రష్షులిచ్చినా ఆ రేకును చేత్తో తడిమి వదిలేసేవాళ్ళు.

"సర్‌ప్రైజ్ అంకుల్," అన్నాడు సైమన్. "రెండు వీకెండ్లు రోటా వేసి చేయించా. మన ఊళ్ళో ట్రాక్టరంటే ఎరుపే కదా."

బ్యాటరీ తట్ట కింది రంగు ఏమైందని అడిగాను.

"ఆ మురికా? సాండర్ మిషన్ పెట్టి లేపేశాం. నీట్‌గా ఉంది చూడండి."

"ఆ మురికి మీ ఆంటీ చేత్తో తుడిచిందిరా."

పక్కనున్నవాళ్ళు చెప్పులకేసి చూసుకున్నారు. సైమన్ తగ్గలేదు. "పోనీ అంకుల్, కంట్లో పొర పెట్టుకుని మీరు చూసిన బూడిద రంగు ఏ రంగో ఎవరికి తెలుసు?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఆరాధనకు ఉండకుండా వచ్చేశాను. ఇంటికొచ్చి మూడు డబ్బాల మూతలు వరసగా పెట్టి, ఎడమ కన్ను మూసుకుని, ఆపరేషన్ అయిన కంటితో చూశాను. అప్పట్లో శుక్లం పొరలోంచి చూసి, బ్యాటరీ తట్ట కింది రంగుకు ఇదే సరైనదని నేను గుర్తు పెట్టుకున్న మూత పసుపుకు తిరిగినదే. మళ్ళీ సరిపోల్చుకోవడానికి ఇప్పుడు అసలు రంగు లేదు. ఈ సంగతి సైమన్‌కు చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదు.

మర్నాడు సైమన్ భార్య రాచెల్ వచ్చింది. మణెమ్మతో ఒకే వార్డులో పనిచేసిన మనిషి. చివరి రెండు నెలలు రోజూ వచ్చి ఆమెకు స్నానం చేయించింది. ఆ ఇంట్లో అబద్ధం ఆడటం రానిది ఆమె ఒక్కతే.

"ఎరుపు సైమన్ ఐడియా కాదంకుల్," అంది. "ఆంటీ నన్ను అడిగింది. ఆంటీ పేరు ఎత్తకుండా నేనే ఆయనకి చెప్పా."

నమ్మనన్నాను.

"కాలవకి గండి పడి బస్సులు ఆగిపోయిన రోజు, నర్సింగ్ పరీక్షకి ఎర్ర ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద వెళ్ళిందంట. తోలింది మీరేనంట. అప్పటికింకా మీ పెళ్ళి మాటలు కూడా లేవంట."

రైస్‌మిల్లు వాళ్ళ ట్రాక్టరది. ఇరుసు దాకా నీళ్ళు. వెనక ఒక పిల్ల చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు గుర్తు లేదని కాదు. నలభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

రాచెల్ తలుపు వైపు చూసింది. "చెబుదామనే మొదలుపెట్టిందంట. మీరు నవ్వారంట."

షెడ్డు తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మణెమ్మ ఎరుపు అడిగింది. గేటు రంగు అడగలేదు, దుమ్ము మీద పూయమని అడగలేదు. సైమన్ వేయించినదంతా ఇనుము కనిపించేదాకా గీకేశాను. శీతాకాలమంతా పట్టింది. నంబరు రేకును సూదితో శుభ్రం చేశాను. ప్రైమర్ కొట్టి, ఆరబెట్టి, ఉప్పు కాగితంతో నీళ్ళు చల్లుతూ రుద్ది, స్ప్రేతో మూడు పూతలు ఎరుపు వేశాను. మూడు డబ్బాల బూడిద రంగూ కౌన్సిల్ చెత్త కేంద్రానికి ఇచ్చేశాను.

తన మాటే నెగ్గిందని సైమన్ చెప్పుకుంటున్నాడు. అతనికి తెలిసింది అంతే. మొన్న వేసవిలో పాత ట్రాక్టర్ల ప్రదర్శనకు తీసుకెళ్తే, మెడలో బ్యాడ్జీ ఉన్న పెద్దమనిషి ఒకడు బండి నంబరు చదివి, ఇది బూడిద రంగులో ఉండాలి, ఎవరు చెడగొట్టారని అడిగాడు. పని తెలిసినవాడే. అయినా జవాబివ్వకుండా ఇంజను స్టార్ట్ చేశాను.

ఎందుకు ఎర్రగా ఉందో ఒకసారి రాశాను, ఇక్కడే. చర్చివాళ్ళడిగినా, బ్యాడ్జీలవాళ్ళడిగినా, రాచెలే వచ్చి అడిగినా, దీని గురించి ఇక ఒక్క మాట నా నోటి నుంచి రాదు.