ఇరవై అయిదుకి పదిహేడు

అమీర్‌పేటలో ఇరవై ఏళ్లుగా జావా నేర్పిన వీర్రాజు గారికి ఆ రెండో వేవ్ వేసవిలో జావ తప్ప ఏదీ సహించడం లేదు. అయినా హుషారుగానే తిరుగుతున్నాడు. దగ్గంతా భార్య హైమవతిది. ఇద్దరికీ కరోనా అని తేలాక పంజగుట్ట వెళ్లి ఛాతీకి సీటీ స్కాన్ తీయించుకున్నారు. సాయంత్రానికి రిపోర్టులు ఫోనుకొచ్చాయి. సివియారిటీ స్కోరు ఇరవై అయిదుకి ఆయనది పదిహేడు, ఆవిడది ఆరు.

సీటీ చూసి ఆయన సీటీ కొట్టబోయాడు. ఈలకు ఊపిరి చాల్లేదు.

"అరవై ఎనిమిది శాతం, హైమా. ఫస్ట్ క్లాసు. నీ ఊపిరితిత్తులే తప్పాయి."

"ఆవిరి పట్టింది నేను, కషాయం తాగింది నేను. ఏ కష్టం లేకుండా మీరెలా పాసయ్యారండీ?"

అదే ఆయనకూ అర్థం కాలేదు. కానీ వేలకొద్దీ టెస్టు పేపర్లు దిద్దిన చేతికి మార్కులంటే మార్కులే. వెంటనే పాత శిష్యుడు ఫణీంద్రకు ఫోన్ చేశాడు. సోమాజిగూడలో ఓ ఆసుపత్రిలో ఒకే ఒక్క మంచం ఉంది, గంటసేపే ఆపుతారట. హైమవతిని జబ్బ పట్టుకుని ఆటో ఎక్కించాడు.

ప్లాస్టిక్ తెర అవతలి నుంచి డ్రైవర్ నర్సింహులు అద్దంలోకి చూశాడు.

"సారూ, అమ్మ దగ్గుతున్నది గని మంచిగనే మాట్లాడుతున్నది. మీరు రెండు మాటలకొకసారి ఆగుతుండ్రు. జర మీరు సుత చూపించుకోండ్రి."

"నాది... పదిహేడయ్యా. ఫికర్ లేదు."

ఆసుపత్రిలో డాక్టర్ హరిణి రిపోర్టులు రెండూ చూసి, ఆక్సిజన్ క్లిప్పు ముందు ఆయన వేలికే తగిలించింది.

"ఎనభై నాలుగు."

"డిస్టింక్షనా?" అన్నాడాయన.

డాక్టర్ నవ్వలేదు. "ఆక్సిజన్ తొంభై నాలుగుకి తగ్గకూడదు. ఆ స్కాన్ స్కోరేమో ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయో చెబుతుందండీ. ఎంత ఎక్కువుంటే అంత ప్రమాదం. ఆవిడకు మందులు రాసిస్తాను, ఇంటికెళ్లొచ్చు. మంచం మీకు."

"దగ్గేది ఆవిడ కదా?"

"దగ్గేవాళ్లు భయపడి ముందే వస్తారు. మీలా హాయిగా తిరిగేవాళ్లతోనే మాకు భయం."

ఇంతసేపూ భార్యను నడిపించుకొచ్చిన మనిషిని ఇప్పుడా భార్యే చక్రాల కుర్చీలో తోసుకెళ్లింది. మంచమెక్కాక ఆయన ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు కాస్త పైకెత్తాడు.

"హైమా, ఈసారి... నాకెంత రావాలి?"

"సున్నా తెచ్చుకోండి. మీ స్టూడెంట్లకు చెప్పన్లెండి," అంటూ ఆవిడ మాస్కు మళ్లీ సర్దింది. సర్దిన చెయ్యి అక్కడే ఉంచేసింది.