మొక్కుకోడి ఈకలు

వైకుంఠానికి టైఫాయిడ్ వచ్చి, డాక్టరు కూడా పెదవి విరిచిన రోజున, భార్య కాశమ్మ గల్లీ చివర ఉన్న మైసమ్మ గుడికి పరిగెత్తింది.

"నా ఇంటాయన లేచి తిరిగితే, వచ్చే ఆషాఢంల బోనంతోటి ఎర్ర పుంజును ఇస్త తల్లీ. ఒక్క ఈకకు కూడ వంక లేని పుంజును" అని మొక్కుకుంది.

ఈకల సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. తనే కలిపింది.

వైకుంఠం లేచాడు. కరెంటు ఆఫీసులో ఫిట్టరు పనికి మళ్లీ వెళ్లసాగాడు. శుక్రవారం, జుమ్మా సెలవు రోజున మీరాలం చెరువుకు చేపలు పట్టడానికీ వెళ్లసాగాడు. కాశమ్మ గౌలిపురలో ఒక పుంజుపిల్లను కొని తెచ్చి, ఛత్రినాకలోని తమ ఇంటి వాకిట్లో సొంత బిడ్డలా పెంచింది. ఎండాకాలం వచ్చేసరికి అది నిప్పు రంగులో, మెడ చుట్టూ బంగారు జలతారు కప్పుకున్నట్టు తయారైంది. అది కూత వేస్తే గల్లీ అంతా లేచేది.

చిక్కంతా ఆ మెడతోనే వచ్చింది.

జర్మనీతో లడాయి మొదలైన కొత్తలో వైకుంఠం పైఅధికారి అయిన ఇంగ్లీషు దొర ఒకాయన ఫౌజులో చేరి వెళ్లిపోతూ, తన గాలపు కర్రనూ ఒక రేకుపెట్టెనూ ఇతనికి ఇచ్చిపోయాడు. పెట్టెలో చెంచా ఆకారంలో మెరిసే ఇత్తడి బిళ్లలున్నాయి. ప్రతి బిళ్ల కింద, ఒకే కాడకు మూడు ముక్కులున్న గాలం. ఆ కాడ చుట్టూ ఈకలు కట్టి ఉండేవి. నీళ్లలో లాగుతుంటే బిళ్ల చేపపిల్లలా తళతళలాడుతుంది, ఈకలు తోకలా ఆడతాయి, కొర్రమీను నమ్మి నోరు తెరుస్తుంది. అయితే పెట్టె తెరిచి చూసేసరికి ఈకలన్నీ పురుగులు తినేశాయి. కొత్తవి కొందామంటే విలాయతు ఓడల్లో ఇప్పుడు ఫౌజు సామాను తప్ప చేపల సామాను రావడం లేదు.

"విలాయతోడు కట్టింది మనం కట్టలేమా?" అనుకున్నాడు వైకుంఠం.

ముందు కాకి ఈకలు కట్టాడు. అవి నీళ్లలో కర్రపుల్లల్లా బిగుసుకున్నాయి. పెట్ట ఈకలు కట్టాడు. అవి తడిసి, గిన్నెలు తోమే పీచులా ముద్దయ్యాయి. కోళ్ల దుకాణంలో అడిగితే, వేడినీళ్లలో ముంచి పీకిన ఈకలు గుప్పెడు ఇచ్చారు. వాటిలో మెరుపన్నదే లేదు. సన్నగా, పొడుగ్గా, తడిసినా ముద్దకాకుండా మెరిసే ఈక బతికున్న పుంజు మెడ మీదే ఉంటుందని అతనికి అప్పుడు అర్థమైంది. అర్థమైన క్షణంలోనే వాకిట్లో పుంజు కూసింది.

మొదటిసారి మూడే మూడు ఈకలు తీశాడు. గాలం కాడను పట్కారుతో బిగించి, పట్టుదారానికి మైనం రాసి, ముక్కుకూ ముక్కుకూ నడుమ ఒక ఈక చొప్పున, మెరిసే వైపు బయటికి ఉండేలా పెట్టి, దారాన్ని పక్కపక్కన చుట్టుకుంటూ వచ్చి ముడేశాడు. ముడి మీద గాజుల లక్క కరిగించి ఒక చుక్క వేశాడు. పైకెత్తి ఊదితే ఈకలు ఊపిరి తీసుకున్నట్టు విచ్చుకున్నాయి. చేప పడుతుందా లేదా అన్నది ఆ తర్వాతి మాట. అసలు కట్టడంలోనే ఇంత సుఖముందని అతనికి అంతవరకూ తెలియదు. తాగుడు అలవాటైన మనిషి ఎలా అవుతాడో వైకుంఠం అలా అయ్యాడు.

కొన్ని వారాలకు కాశమ్మ అత్త దగ్గరికి వచ్చి, "అత్తా, గీ కోడి మెడ చూసినవా? పలచగైంది" అంది.

అత్త ఆగమ్మ మంచం మీద వక్కలు కత్తిరించుకుంటోంది. "ఎండకు రాలుతయ్."

"ఎండ మెడ మీదనే కొడతదా?"

పాలు పోయడానికొచ్చిన రుక్మాబాయి చెంబు కింద పెట్టి కోడిని ఎగాదిగా చూసింది. "నజర్ లగ్ గయీ కాశమ్మా. గంత మెరిసేదాన్ని వాకిట్ల తిప్పుతవా? మా బర్రెకు గిట్లనే తోకెంట్రుకలు రాలినయ్."

"అవునవును, దిష్టే" అన్నాడు వైకుంఠం గదిలోంచి. అతన్ని ఎవరూ అడగలేదు.

కాశమ్మ కోడికి మిరపకాయలతో దిష్టి తీసింది. కాలికి నల్లదారం కట్టింది. జొన్నలతో పాటు వెల్లుల్లి, మీగడ పెట్టింది. ఆ తిండికి కొత్త ఈకలు ఇంకా నిగనిగలాడుతూ వచ్చాయి. అవి గాలానికి మునుపటికంటే బాగా పనికొచ్చాయి. వైకుంఠం సైకిల్ గంట వినబడితే చాలు, కోడి ఆగమ్మ మంచం కిందికి దూరేది.

"నా కొడుకుతోటి నీకేం పగే?" అని ఆగమ్మ వంగి దాన్ని అడిగేది.

బోనాలకు ముందు జుమ్మా రోజున మీరాలం చెరువులో పెద్ద కొర్రమీనొకటి తాడు తెంపి, అతని ముద్దుల గాలాన్ని నోట్లో పెట్టుకుని పోయింది. ఆ బాధలో ఇంటికొచ్చి, మెడ మీద మిగిలినవాటిని కూడా పీకేశాడు. పీకాక చూస్తే పుంజు మెడ పచ్చి పొట్లకాయలా ఉంది. గబగబా దాన్ని గంప కింద పెట్టి, "ఎండ తగలనియ్యకు. రేపటిదాంక గంప ఎత్తకు" అని పెళ్లాంతో చెప్పాడు. మొగుడికి తన మొక్కు మీద ఇంత శ్రద్ధ ఉందని కాశమ్మ పొంగిపోయింది.

మర్నాడు పొద్దున్నే, గుడి దగ్గర కోళ్లు అందుకునే అంజన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పుంజు ఎట్లున్నదమ్మా? ముందే చెప్తున్న. పోయినేడు ఒకామె కాలిగోరు ఇరిగిన కోడిని తెస్తే తిప్పి పంపిన. తల్లి ముంగట వంకకోడి నడవదు."

"ఆయన పానం కోసం మొక్కిన అన్నా" అంది కాశమ్మ. "గా మొక్కు తీరకపోతే నాకు కన్ను మూతపడదు. ఒక్క వంక లేదు, రేపు నువ్వే చూస్తవు."

లోపల వైకుంఠం తాగుతున్న చాయ్ కింద పెట్టేశాడు. ఇన్నాళ్లూ అది మొక్కుకోడి అని తెలుసు. ఏ ఈక ఎవరి ప్రాణానికి పూచీ అన్నది అప్పుడే తలకెక్కింది. నిజం చెప్పేద్దామని లేచాడు. గుమ్మంలో కాశమ్మ ముఖం చూసి మళ్లీ కూర్చున్నాడు.

అత్తాకోడళ్లు కొత్త కుండకూ గాజులకూ చార్మినార్ వైపు వెళ్లగానే, కడుపునొప్పని పని ఎగ్గొట్టి పడుకున్న అతను నొప్పి మానేసి లేచాడు. రేకుపెట్టెలో ఉన్న గాలాలన్నీ విప్పాడు. చెరువులో పోయినవి పోగా మిగిలిన ఈకలను ఒక్కొక్కటే ఎర్ర పట్టుదారానికి కట్టాడు. ఇంటి పెంకుల్లా ఒక వరస మీద ఒక వరస వచ్చేలా పేర్చి, పట్టీ తయారు చేశాడు. దాన్ని పుంజు మెడకు చుట్టి వెనక ముడేశాడు. కోడి అతన్ని రెండుసార్లు పొడిచింది. కొంచెం దూరం జరిగి చూస్తే, దేవుడిచ్చిన మెడకంటే ఇదే బాగుందనిపించింది. అలా అనిపించినందుకు లెంపలేసుకున్నాడు.

సాయంత్రం గంప ఎత్తిన కాశమ్మ కేక పెట్టింది. "అత్తా! మెడ నిండా వచ్చినయ్! దిష్టి పోయింది!" కళ్లు తుడుచుకుంటూ మొగుడి వైపు తిరిగి, "నీకింక ఫికర్ లేదయ్యా" అంది.

వైకుంఠం చెప్పులు వెతుక్కునే నెపంతో మంచం కిందికి వంగాడు.

ఆదివారం బోనం కాశమ్మ నెత్తి మీద, వేపరెమ్మలు ఆగమ్మ చేతిలో, కోడి వైకుంఠం చంకలో. ఎవరు అడిగినా ఇవ్వలేదు. "ఎన్నడు లేని భక్తి!" అంది పక్కన నడుస్తున్న రుక్మాబాయి. డప్పులకు బెదిరి కోడి గింజుకుంటుంటే, పట్టీ జారుతుందేమోనని దారిలో అతను ఇంకో ముడి గట్టిగా బిగించాడు.

గుడి ముందు అంజన్న కోడిని నేల మీద నిలబెట్టాడు. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అబ్బ! ఏం పుంజమ్మా!" అన్నాడు. వైకుంఠానికి కొంచెం ఊపిరి అందింది. తర్వాత అంజన్న పసుపునీళ్ల చెంబు అందుకున్నాడు. ఆ నీళ్లు పోస్తే కోడి ఒళ్లు జాడించాలి. జాడిస్తేనే తల్లి ఒప్పుకున్నట్టు, జాడించకపోతే కాదన్నట్టు. జాడించాలని కాశమ్మ చేతులు జోడించింది. జాడిస్తే ఈకలన్నీ గాల్లో లేస్తాయి గనుక, జాడించకూడదని ఆమె పక్కనే వైకుంఠం చేతులు జోడించాడు.

అంజన్న నీళ్లు పోశాడు. బిగిసిన పట్టీతో కోడి మెడ నిటారుగా పెట్టి, సలాం కొట్టడానికి నిలబడ్డ జవానులా నిలుచుంది. ఇంకో చెంబు పోశాడు. కనురెప్ప ఒక్కటి ఆడించింది. డప్పులు ఆగిపోయాయి.

"ఇంట్ల ఎవరో తప్పు చేసిన్రు" అన్నాడు అంజన్న. "ఒప్పుకోండి. తల్లి దగ్గర దాస్తే దాగదు."

ఆగమ్మ ముందుకొచ్చింది. "పొద్దుగాల బోనం వండంగ బెల్లం సరిపోయిందా అని రుచి చూసిన తల్లీ. ఒక్క వేలు. ఒక్కటే."

"సగం గిన్నె గుల్లయింది గదత్తా! నేను పిల్లి అనుకున్న" అంది కాశమ్మ.

"నీ సంగతి చెప్పు ముందు!"

కాశమ్మ బోనం దించి చేతులు కట్టుకుంది. "మా అత్త పోయినంక ఆమె ఇత్తడి బిందె నాదే గదా అని అనుకున్న తల్లీ. ఒకపారి... అప్పుడప్పుడు."

"గందుకేనా దాన్ని దినాం తోముతున్నవ్!" ఆగమ్మ వేపరెమ్మ ఎత్తింది.

కోడి కదల్లేదు. అంజన్న మూడో చెంబు పోశాడు. రుక్మాబాయికి ఎందుకో భయం పట్టుకుంది. "నాది గూడ ఉన్నది తల్లీ. గల్లీల అందరి పాలల్ల నీళ్లు కలిపిన. గని జరం మనిషి ఉన్నడని వీళ్ల పాలల్ల మాత్రం కలపలే. మైసమ్మ సాక్షి!"

వెనక నుంచి లొల్లి లేచింది. "అంటే మా ఇంట్ల మనుషులు లేరా?" "చిక్కటి పాలని పైసలెక్కువ గుంజినవ్ గదనే!" చెంబులు లేచాయి. అంజన్న అడ్డంపడి అందరినీ గదమాయించాల్సి వచ్చింది.

అయినా కోడి కదల్లేదు. కాశమ్మ ముఖం పాలిపోయింది. మొగుడి వైపు తిరిగి, ఇంత మందిలో అతని నుదుటి మీద చెయ్యి పెట్టింది. తర్వాత మెడ మీద పెట్టి చూసింది.

"మళ్ల జరమొస్తున్నదా నీకు? నాకు చెప్తలేవా? తల్లి వద్దంటున్నదంటే... నిన్ను నాకు ఇడిచిపెట్టింది గద, ఇప్పుడెందుకు కాదంటున్నది?"

జ్వరం వెతుకుతున్న ఆమె చెయ్యి ఇంకా అతని మెడ మీదే ఉంది. వైకుంఠం ఇక దాచలేకపోయాడు.

"జరం లేదే. తప్పు నాది" అన్నాడు. "దిష్టి గాదు, ఎండ గాదు. గాలాలకు కట్టుకుందామని దాని ఈకలు నేనే పీకిన. నిన్న మళ్ల నేనే కట్టిన."

ఎవరికీ అర్థం కాలేదు. అతను కోడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ముడి విప్పబోయాడు. రాలేదు. తను వేసిన ముడి కదా. చివరికి పంటితో కొరికి తెంపాడు. బంగారు పట్టీ ఊడి చేతిలోకొచ్చింది. పచ్చి పొట్లకాయ బయటపడింది.

పుంజు మెడ అటు సాచింది, ఇటు సాచింది. ఒకసారి గొంతు సవరించుకుంది. తర్వాత మెడ నుంచి తోక దాకా ఒళ్లంతా ఎంత బలంగా జాడించిందంటే, పసుపునీళ్లు వైకుంఠం కళ్లలో, అంజన్న నోట్లో, రుక్మాబాయి కొత్త చీర మీద పడ్డాయి.

"ఒప్పుకుంది! తల్లి ఒప్పుకుంది!" అంజన్న ఉమ్ముకుంటూ అరిచాడు. డప్పులు ఒక్కసారిగా మోగాయి.

"వంకకోడి నడవదంటివి గదనే అంజన్నా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"తల్లే అవునన్నంక నేనెవణ్ణిరా, గోర్లు చూసెటోణ్ణి?"

కాశమ్మ చేతులెత్తి మొక్కింది. ఆమె గుండెల మీంచి ఏడాది బరువు దిగిపోవడం పక్కనున్నవాళ్లకు కూడా కనిపించింది. మొక్కడం అయ్యాక మొగుడి మోచెయ్యి పట్టుకుంది. నలుగురూ చూస్తున్నందుకు ప్రేమగానే పట్టుకుంది. గోళ్లు మాత్రం లోపలికి దిగాయి.

తల్లికి కోసిన పుంజును తీసుకుని ఇంటికొచ్చారు. కోడి కూర ఉడికి వాసన వాకిలి దాటింది. ఆగమ్మ, వైకుంఠం కంచాల ముందు కూర్చున్నారు. మొక్కు తీరింది, తల్లే క్షమించింది కదా అని వైకుంఠం కొంచెం ధైర్యం చేసి పెళ్లాం ముఖంలోకి చూశాడు.

"అమ్మవారు ఒప్పుకున్నది" అంది కాశమ్మ గరిట తిప్పుతూ. "నేనింకా ఒప్పుకోలే."

అత్తకు రెండు కాళ్లూ వేసింది. రుక్మాబాయికి పంపడానికి గిన్నెలో రొమ్ము ముక్కలు తీసి మూతపెట్టింది. అడుగంటా వెతికి, మొగుడి కంచంలో మెడ ముక్క ఒక్కటి వేసింది.

వైకుంఠం దాన్ని చూశాడు, తల్లిని చూశాడు. ఆగమ్మ కాలు కొరుకుతూ ముఖం పక్కకు తిప్పుకుంది. అతను మెడను చేతిలోకి తీసుకుని, ఎముకల సందుల్లోంచి ఉన్న కొంచెం మాంసాన్నీ ఓపికగా, చప్పుడు కాకుండా తినసాగాడు.