ఒక పోగు ముంచి చూడు

ఆసుపత్రి వరండా నేను నడుస్తున్నకొద్దీ చీరాలలోని మా ఇంటి వెనక రంగుల పాకలోకి వంగిపోతూ ఉంది, సెలైన్ స్టాండ్లు ఉండాల్సిన చోట దండేల మీద చిలపలుగా చుట్టిన తడి నూలు కట్టలు వేలాడుతున్నాయి, వాటి కింద పొయ్యి ముందు కూర్చుని మా నాన్న కాగులో కర్ర తిప్పుతున్నాడు. ఆయన చనిపోయాడని నాకు తెలుసు, అయినా మోచేతుల దాకా నీలిరంగు చూసి, ఇంకా చేతులు కడుక్కోలేదేంటి ఈ మనిషి అని మాత్రమే అనిపిస్తోంది.

"వచ్చావా అమ్మడూ? నా మనవడు లోహిత్ ఏడీ?"

"అద్దాల గదిలో ఉన్నాడు నాన్నా. వాళ్లక్క ఎముక మూలుగ ఎక్కించారు."

"పట్టిందా?"

"పట్టిందంట. కానీ అక్క కణాలు వీడి ఒంటిని పరాయిదనుకుని మీద పడతాయేమో, పైకేమీ కనపడకముందే రక్తంలో చూసే పరీక్ష ఉందంట. చేయిద్దామా అని డాక్టరమ్మ అడుగుతోంది. రేపు చెప్తా, రేపు చెప్తా అంటున్నా."

"ఎందుకే?"

కాగులోంచి లేచిన ఆవిరికి పాక గోడలు అద్దాలవుతున్నాయి, వాటి మీద చెమ్మ జారుతోంది, ఇన్నాళ్లూ గొంతులో ఆగిన మాట నా ప్రమేయం లేకుండానే బయటికొస్తోంది.

"నువ్వే కదా అనేవాడివి, పరీక్షలు చేయిస్తే లేని రోగం కూడా బయటపడిద్దని! గుండెలో నొప్పొస్తే గ్యాసని సోడా తాగావు. కాళ్లావేళ్లా పడినా ఆసుపత్రికి రాలేదు."

నాన్న కర్ర ఆపుతాడు. "రాలేదు," అంటాడు, బడి ఎగ్గొట్టి దొరికిన పిల్లాడిలా. "మరి నూలుకో? ఒక పోగు ముంచి, ఆరబెట్టి, తెల్లగుడ్డ మీద రుద్ది చూడకుండా ఏనాడైనా చిలప ముంచానా?"

"లేదు."

"రంగు దిగుతుంటే ఏడుస్తూ కూర్చున్నానా?"

"ఉప్పేసి మళ్లీ ఉడకబెట్టేవాడివి."

"పోగులో కనపడితే చిలప దక్కిద్ది. చీర నేశాక కనపడితే ఎవరేం చేస్తారు? నూలు మీద చూపిన తెలివి నా ఒంటి మీద చూపలేదే. పనితనం నేర్చుకోమంటే మొండితనం నేర్చుకున్నావు, భలేదానివి!"

నాకు నవ్వొస్తోంది, ఆ నవ్వులోనే భయమూ ఉంది. "చెడ్డగా వస్తేనో నాన్నా?"

"వస్తే ముందే మందు పెంచుతానందా లేదా ఆవిడ?"

"అంది."

"మరింకేం! లే, వాడు పిలుస్తున్నాడు."

ఎక్కడ్నుంచి పిలుస్తున్నాడా అని వెతుకుతుంటే చిలపలు ఒక్కొక్కటే పలచబడి వెలుతురైపోతున్నాయి, ఎవరో నా భుజం కుదుపుతున్నారు.

"అమ్మా, లేవవే! రక్తం తీసే అన్న వచ్చాడు."

కళ్లు తెరిస్తే అద్దాల గదిలో మధ్యాహ్నపు ఎండ, నా భుజం మీద లోహిత్ చెయ్యి. మాస్కు సర్దుకుని, అతను సూది విప్పకముందే చెప్పాను, "కొంచెం ఆగు తమ్ముడూ, డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. ఆ ముందుగా చూసే పరీక్షకి కూడా తీస్తున్నానని చెప్పు. నేను ఒప్పుకున్నా."

అతను ఫోన్ చేసి, ఇంకో గొట్టం తెచ్చి, రక్తం తీసుకుని వెళ్లాడు. లోహిత్ కాసేపు దూదిని చేతికి అదిమి పట్టుకుని, మెల్లగా ఎత్తి చూశాడు. తెల్లటి దూది మీద చిన్న ఎర్రచుక్క. మళ్లీ అదిమాడు, మళ్లీ ఎత్తాడు.

"ఇంక అంటుకోవట్లేదమ్మా," అన్నాడు. "రక్తం ఆగిపోయింది."