కంబళిలో ఫోను

ఉద్యోగమంతా నిప్పుతోనే వేగిన మనిషికి అరచేతిలో ఇమిడే ఫోనంటే వణుకు. ఫైరింజన్ల స్టేషన్లో పనిచేసి రిటైరైన ఆయన్ని వీధివాళ్ళు ఫైరు మావయ్య అంటారు. ఎవరింట్లో ఛార్జరు కంటపడినా "బ్యాటరీ పేలిందా, ఇల్లు బుగ్గే" అని బెదరగొట్టి గానీ కదిలేవాడు కాదు.

కూతురి కాన్పుకని ఆసుపత్రికి వెళ్తూ భార్య ఒకే ఒక్క పని అప్పగించింది. "మీరేం చెయ్యక్కర్లేదు. ఫోను ఆరిపోకుండా చూసుకోండి, చాలు. కబురు చెప్తాను."

"ఆ మాత్రం చేతకాదా నాకు?" అన్నాడాయన.

ఆమె అటు వెళ్ళగానే ఫోనుకి ఛార్జరు తగిలించాడు. స్టేషనువాళ్ళు వీడ్కోలు కానుకగా ఇచ్చిన, మంటలార్పే మందపాటి కంబళి తెచ్చి ఫోనుకి చుట్టబెట్టాడు. పేలితే అందులోనే పేలి చస్తుందని ధీమా. కాసేపటికి విప్పి చూస్తే ఫోను పెనంలా కాలిపోతోంది. వేడి ఎక్కువైంది, ఛార్జింగ్ ఆపేశామని తెరమీద అక్షరాలు. అనుకున్నంతా అయ్యింది! ప్లగ్గు పీకి, ఈసారి ఇంకో మడత ఎక్కువేశాడు. కొంతసేపాగి తగిలిస్తే మళ్ళీ అదే మాట. ఆయన ఎంత జాగ్రత్తపడితే అది అంత మొండికేసింది. చివరికి తెర నల్లబడి ఊరుకుంది.

దానంతటదే తాళం పడేలా తలుపు లాగేసి, చెప్పులైనా వేసుకోకుండా, పక్క సందులో ఫోన్లు బాగుచేసే బామ్మర్ది కొట్టుకి పరుగెత్తాడు. బామ్మర్ది ఫోనుని అటూ ఇటూ తిప్పి, బల్లమీద ఊరికే పెట్టి వైరు గుచ్చాడు. చల్లారగానే అది బుద్ధిగా ఛార్జింగు మొదలెట్టింది.

"దీనికేం రోగం లేదు బావా. ఇంట్లో ఎలా పెట్టావు?"

బావ గర్వంగా కంబళి కథ చెప్పాడు. బామ్మర్దికి తాగుతున్న టీ ముక్కులోకి వచ్చింది.

"జ్వరమొచ్చినవాడికి ఊపిరాడకుండా రగ్గులు కప్పినట్టుంది! బ్యాటరీకి లోపలే కాపలా ఉంటుంది బావా, గోరంత సర్క్యూటు. నిండితే చాలంటుంది, కాగితే వద్దంటుంది, మరీ ఖాళీ అయిపోతుంటే బ్యాటరీ పాడవకుండా కరెంటు కట్ చేస్తుంది. అది దాని డ్యూటీ చేసింది. కాగబెట్టింది నువ్వు."

"గోరంతదాన్ని నమ్మి ఇల్లు అప్పగించమంటావా?"

"ఉబ్బిన బ్యాటరీకి భయపడు, నాసిరకం ఛార్జరుకి భయపడు, కాదన్ను. మంచిదానికి మాత్రం కాస్త గాలాడనివ్వు."

ఇంతలో ఫోనుకి ప్రాణమొచ్చింది. వెనకే భార్య మెసేజీలు బిలబిలమంటూ దిగాయి. ఎత్తరేం? ఎందుకాపేశారు? పడిపోయారా ఏంటి? ఆఖరిదాన్ని ఆయన రెండుసార్లు చదువుకున్నాడు: "భయమేసి మీ స్టేషనుకి చెప్పాను. వాళ్ళు ఇంటికి బయల్దేరారు."

ఫోను లాక్కుని పరుగు తీశాడు. వీధి మలుపు తిరిగేసరికి గుమ్మం ముందు ఎర్ర బండి ఉంది. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే తాళం పగలగొట్టి, తలుపు ఊడదీసి, నేర్పినట్టే పద్ధతిగా గోడకి ఆనించారు.

"క్షేమమేనా సార్? మంచం కింద కూడా వెతికాం" అని ఒకడు సెల్యూట్ కొట్టాడు. వీధి వీధంతా చోద్యం చూస్తోంది.

అప్పుడు ఫోను మోగింది.

"బతికే ఉన్నారా!" భార్య గొంతులో ఉన్నది ఏడుపో కోపమో తెలియలేదు. "మనవరాలు పుట్టింది. ఇదిగో, వినండి."

సన్నటి ఏడుపు వినిపించింది. ఆయన ఫోనుని చెవికి అదుముకుని, తన కళ్ళు జనానికి కనబడకుండా గోడవైపు తిరిగాడు. తిరిగినచోట తలుపు ఆనించి ఉంది.

"ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని అడిగింది భార్య.

"ఆఁ, బ్రహ్మాండంగా. గాలి బాగా వస్తోంది" అన్నాడాయన.